సిస్టర్ అంటాం, కుర్చీ మాత్రం వేయం

మే 12 వస్తే మన సంఘాల్లో ఒక ఆనవాయితీ ఉంది. ఆరాధన అయ్యాక నర్సులను ముందుకు పిలుస్తాం. శాలువా కప్పుతాం. తెల్లబట్టల దేవదూతలని పొగిడి చప్పట్లు కొట్టిస్తాం. మర్నాడు ఆ దేవదూత జీతం ఎంతో అడగం. రాత్రి డ్యూటీలో ఒక్కతే ఎంతమంది పసిబిడ్డల్ని చూస్తోందో అడగం. ఆసుపత్రి పెద్దలు నిర్ణయాలు తీసుకునే గదిలో ఆమెకు కుర్చీ ఉందా లేదా అన్న ప్రశ్న మన తలలోకే రాదు. దేవదూతకు జీతం అక్కర్లేదు, ప్రమోషన్ అక్కర్లేదు. మనిషని ఒప్పుకుంటే రెండూ ఇవ్వాలి. అందుకే ఈ పొగడ్త మీద నాకు అనుమానం.

ఈ మాటలు సోలాపూర్ నేత కార్మికుల వాడలను చూసి రాస్తున్నాను. కరీంనగర్, నల్లగొండ, వరంగల్, పాలమూరు పల్లెల నుంచి తరతరాలుగా బతుకుతెరువు కోసం వలస వచ్చిన పద్మశాలీలు ఈ ఊరిని నిలబెట్టారు. 1870లలో మొదలైన బట్టల మిల్లు ఆ తర్వాత మూతపడింది, పవర్‌లూములు వచ్చాయి. సోలాపూర్ చద్దర్, టెర్రీ టవల్ దేశమంతా పేరు పొందాయి. అశోక్ చౌక్, కన్నా చౌక్, దత్తనగర్ వైపు వెళ్తే ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, కార్ఖానాలో రెండూ కలిసిన భాష వినిపిస్తుంది. మగవాళ్లు మగ్గం మీద, ఆడవాళ్లు బీడీల చాట ముందు. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. పత్తి నూగు ఒకరి ఊపిరితిత్తుల్లోకి, తంబాకు దుమ్ము ఇంకొకరి ఊపిరితిత్తుల్లోకి.

ఆ చాట ముందు కూర్చున్న తల్లులను కూతురి చదువు గురించి అడిగితే తరచుగా వచ్చే జవాబు నర్సింగే. ఒక తల్లి నాతో అన్నది: "అయ్యగారూ, డాక్టరు సదువు మనతోని కాదు. నర్సు కోర్సు అయితే సాలు. నౌకరి దొరుకుతది, పిల్ల తన కాళ్ల మీద నిలవడతది." ఇరవై ఏళ్ల తర్వాత ఏమవుతుందమ్మా అని అడిగాను. "ఏమైతది? నర్సే ఉంటది గద" అంది. ఆమె తప్పేం లేదు. ఆమె చూసిన లోకంలో నర్సు నర్సుగానే రిటైరవుతుంది. నా తగాదా ఆ లోకంతోనే.

నర్సింగ్‌లో మెట్లు లేవా? కాగితం మీద ఉన్నాయి. మూడేళ్ల జీఎన్ఎం, నాలుగేళ్ల బీఎస్సీ, ఆపై రెండేళ్ల ఎమ్మెస్సీ. పిల్లల నర్సింగ్‌లోనే ప్రత్యేకంగా ఎమ్మెస్సీ చేయొచ్చు. మహారాష్ట్ర ప్రభుత్వ ఆసుపత్రుల్లో అధిపరిచారిక, పరిసేవిక, అధిసేవిక అని వరుస ఉంది. తెలంగాణలో స్టాఫ్ నర్సు, హెడ్ నర్సు, నర్సింగ్ సూపరింటెండెంట్ అనే పేర్లు అందరికీ తెలుసు. 2023లో ఆ పేర్లు మార్చి నర్సింగ్ ఆఫీసర్, చీఫ్ నర్సింగ్ ఆఫీసర్ అన్నారు. పేరు మారడం మంచిదే. పేరుతో పాటు అధికారం వచ్చిందా అన్నదే ప్రశ్న.

పిల్లల ఆసుపత్రిలో ఈ ప్రశ్న ప్రాణాలతో ముడిపడి ఉంది. పసిబిడ్డకు మందు కిలో బరువు లెక్కన ఇస్తారు. దశాంశ బిందువు ఒక్క స్థానం జరిగితే మోతాదు పదింతలవుతుంది. ఇంక్యుబేటర్ వేడి, సెలైన్ చుక్కల వేగం, బిడ్డ ఒంటి రంగులో మార్పు కనిపెడుతూ రాత్రంతా మేలుకునేది నర్సు. ఇంటెన్సివ్ కేర్‌లో ప్రతి షిఫ్టులో ఒక బిడ్డకు ఒక నర్సు ఉండాలని ప్రమాణాలు చెబుతున్నాయి. ఎంతమంది నర్సులు కావాలి, కొత్తగా చేరినవాళ్లను ఎన్నాళ్లు ఒంటరిగా వదలకూడదు, ఏ యంత్రం పక్కన పెట్టాలి అన్నది తేల్చాల్సింది ఆ పని చేసి ఎదిగిన నర్సింగ్ అధిపతి. ఆమెకు బడ్జెట్ మీద మాట లేకపోతే, ఆమె రాసిన ఫిర్యాదు ఫైల్లో పడుకుంటే, ఆ పదవి తలుపు మీద బోర్డు మాత్రమే.

2021 జనవరి 9 తెల్లవారుజామున ఇదే మహారాష్ట్రలో భండారా జిల్లా ఆసుపత్రిలో నవజాత శిశువుల వార్డు తగలబడింది. పదిమంది పసికందులు చనిపోయారు. సివిల్ సర్జన్‌ను సస్పెండ్ చేశారు, కొందరి మీద చర్యలు తీసుకున్నారు. పోలీసు కేసు మాత్రం ఇద్దరు నర్సుల మీద పడింది. అదే ఏడాది నవంబరు 6న అహ్మద్‌నగర్ జిల్లా ఆసుపత్రి ఐసీయూలో మంటలకు పదకొండు మంది బలయ్యారు. ఒక వైద్యాధికారిణితో పాటు ముగ్గురు స్టాఫ్ నర్సులను అరెస్టు చేశారు. డ్యూటీలో నిర్లక్ష్యం ఉంటే విచారించాల్సిందే, ఆ బిడ్డల తల్లులకు న్యాయం జరగాల్సిందే. కానీ వైరింగు వేయించే అధికారం నర్సుకు ఉందా? మంటలార్పే ఏర్పాటుకు డబ్బు మంజూరు చేసే సంతకం ఆమెదా? నిర్ణయం దగ్గర ఆమె లేదు, నేరం దగ్గర మాత్రం ముందు వరుసలో ఉంది. అధికారం పైవాళ్లకు, బాధ్యత కిందివాళ్లకు అన్న ఈ పద్ధతి నేత వాడలకు కొత్త కాదు. బట్టలో లోపం వస్తే సేటు కోసేది కార్మికుడి కూలినే.

ఇక జీతం సంగతి. ప్రైవేటు ఆసుపత్రుల నర్సుల పరిస్థితి చూడమని 2016 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశిస్తే కేంద్రం కమిటీ వేసింది. రెండు వందల పడకలు దాటిన ఆసుపత్రిలో ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలని, యాభై పడకల లోపు ఆసుపత్రిలోనైనా నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదని ఆ కమిటీ చెప్పింది. అమలు చేసే పని రాష్ట్రాల మీద పడింది. మీ ఊరి నర్సింగ్ హోంలో పనిచేసే మన సంఘపు చెల్లెలిని అడగండి, ఆమె చేతికి ఎంత వస్తోందో. సంఘాలు నడిపే ఆసుపత్రులనూ అడగండి. "ఇది పరిచర్య, జీతం గురించి మాట్లాడకూడదు" అన్న వాక్యం బయటివాళ్ల కంటే మన నోటే ఎక్కువ వినిపిస్తుంది.

ఆ వాక్యం లేఖనాల్లో లేదు. నిర్గమకాండము మొదటి అధ్యాయం తెరవండి. ఫరో పేరు అక్కడ రాయలేదు. షిఫ్రా, పూయా అనే ఇద్దరు మంత్రసానుల పేర్లు రాశారు. రాజు పిల్లల్ని చంపమంటే వాళ్లు చేయలేదు, రాజు ముందు నిలబడి జవాబు చెప్పారు. పిల్లల ప్రాణం కోసం పైవాడి ఆజ్ఞను ధిక్కరించిన ఆరోగ్య కార్యకర్తలు వాళ్లు. తల వంచుకుని ఉండటమే సేవ అని బోధించేవాళ్లు ఈ అధ్యాయాన్ని ఎలా దాటవేస్తారో నాకు అర్థం కాదు.

మన చరిత్ర కూడా వేరే మాట చెబుతుంది. ఇతరుల మలమూత్రాలు ముట్టుకునే పని మైల అని పెద్ద కులాలు దూరంగా ఉన్న రోజుల్లో నర్సింగ్‌లోకి వచ్చింది ఎక్కువగా క్రైస్తవ స్త్రీలు. మన తెలుగు నేల మీద వారిలో చాలామంది దళిత ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు. అన్నా కుగ్లర్ గుంటూరులో స్త్రీల కోసం 1898లో ఆసుపత్రి తెరిచారు. వెల్లూరు మిషన్ ఆసుపత్రి 1909లో నర్సింగ్ బడి పెట్టి, 1946లో దాన్ని డిగ్రీ కళాశాల చేసింది. ఆ పనికి గౌరవం వచ్చాక ఇప్పుడు అందరూ వస్తున్నారు, రావాలి. కానీ దారి వేసినవాళ్ల మనవరాళ్లు ఇంకా వార్డులోనే ఉండిపోతే అది కులం చేసే పనే. ఆరోగ్య రంగంలో పనిచేసేవారిలో 70 శాతం స్త్రీలని, పై పదవుల్లో 25 శాతమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో లెక్క చెప్పింది. మన దేశంలో ఆ లెక్కకు కులం కూడా కలపాలి.

సోలాపూర్ తన బిడ్డ డాక్టర్ ద్వారకానాథ్ కోట్నీస్‌ను మరచిపోలేదు. చైనా యుద్ధరంగంలో వైద్యం చేస్తూ 1942లో కన్నుమూశారు. ఆయన మీద సినిమా వచ్చింది, ఆయన ఇల్లు స్మారకమైంది. ఆయన భార్య గువో చింగ్లాన్ నర్సు, అక్కడి వైద్య పాఠశాలలో నర్సింగ్ నేర్పిన ఉపాధ్యాయిని. ఈ సంగతి ఎంతమందికి తెలుసు?

"నర్సు పడక పక్కన ఉండాలి గానీ ఆఫీసులో కాదు" అనేవాళ్లున్నారు. ఇంగ్లండులో ఎన్‌హెచ్‌ఎస్ ఫౌండేషన్ ట్రస్టుల బోర్డులో ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్లలో ఒకరు నర్సు లేదా మిడ్‌వైఫ్ అయి ఉండాలని చట్టమే ఉంది. లండన్‌లోని ప్రసిద్ధ పిల్లల ఆసుపత్రి గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ ఆ చట్టం కిందే నడుస్తోంది. అక్కడి బిడ్డలకు పనికొచ్చే ఏర్పాటు మన బిడ్డలకు ఎందుకు పనికిరాదు?

యువతకు నా మాట. నర్సింగ్‌లో చేరే అక్కచెల్లెళ్లు, తమ్ముళ్లు మొదటి ఉద్యోగంతో ఆగకండి. బీడీ కార్మికుల పిల్లలకు కేంద్ర కార్మిక శాఖ ఇచ్చే స్కాలర్‌షిప్ ఉంది, దరఖాస్తు చేయండి. బీఎస్సీ తర్వాత ఎమ్మెస్సీ చేయండి. నర్సుల యూనియన్‌లో చేరండి. అధిసేవిక కుర్చీ మీదనుకోండి.

సంఘాలకు నా మాట. శాలువా ఖర్చుతో ఈ ఏడాది ఒక అమ్మాయి ఫీజు కట్టండి. మన ఆసుపత్రుల పాలకమండలిలో ఓటుతో సహా ఒక నర్సుకు చోటివ్వండి. 20,000 కంటే తక్కువ ఇస్తున్న సంఘపు ఆసుపత్రి ఏదైనా ఉంటే, పొరుగువాడి మీద కేసు వేసే ముందు అక్కడ సరిచేయండి.

ఇది కాని పని అనకండి. ఇదే సోలాపూర్‌లో బీడీ చుట్టే ఆడవాళ్లు జెండా పట్టుకుని పోరాడి కుంభారిలో పదివేల ఇళ్లు సాధించారు. మళ్లీ పోరాడితే 2024 జనవరిలో రేనగర్‌లో మరో 15,000 ఇళ్ల తాళాలు కార్మికుల చేతికొచ్చాయి. ఇల్లు సాధించిన తల్లులు కూతురికి ఒక కుర్చీ సాధించలేరా? వాళ్లు అడుగుతారు. ఆ రోజు మనం వాళ్ల పక్కన ఉంటామా, శాలువా పట్టుకుని వేదిక మీదే ఉంటామా?