కట్ట, తూము, అలుగు

డబ్బు సంగతి నలుగురిలో మాట్లాడటం మర్యాద కాదని మనకు చిన్నప్పటినుంచీ నేర్పారు. దాని ఫలితం ఏమిటంటే, తన జీతం ఎంతో చెప్పటానికి సిగ్గుపడే పెద్దమనిషి, పక్కింటాయన ఎక్కడ స్థలం కొన్నాడో మాత్రం గజాలతో సహా చెప్పగలడు. డబ్బు మాట మానేశాం గాని డబ్బు ధ్యాస మానలేదన్నమాట. అంచేత ఈ వారం ఆ మర్యాదను కాసేపు పక్కన పెట్టి, పని, మదుపు, సంసారం అనే మూడు బరువులను ఒక్క భుజం మీద ఎలా మోయాలో ముచ్చటించుకుందాం.

మా తండ్రుల కాలంలో ఈ ప్రశ్న ఇంత చిక్కుగా వుండేది కాదు. జీతం వచ్చేది. పోస్టాఫీసులో కొంత, 1956లో ఏర్పడిన జీవిత బీమా సంస్థలో ఒక పాలసీ, వీధిలో నమ్మకమైనవారి దగ్గర ఒక చీటీ, ఆడపిల్ల పెళ్ళికని కాస్త బంగారం. ఒకసారి కట్టాక మళ్ళీ వచ్చే నెల మొదటి తారీఖు దాకా ఆ డబ్బు సంగతి ఎవరికీ జ్ఞాపకం వుండేది కాదు. సాయంత్రం ఇంటికి వచ్చిన మనిషి పూర్తిగా ఇంటికే వచ్చేవాడు.

ఇప్పుడు మదుపు జేబులోకి వచ్చి కూర్చుంది. మా కాలేజీలో లెక్కలు చెప్పే కుర్ర మిత్రుడొకడున్నాడు. బుద్ధిమంతుడు, కష్టజీవి. తెల్లవారుజామున ట్యూషను, పగలు కాలేజీ, సాయంత్రం మళ్ళీ ట్యూషను. మధ్యలో దొరికిన అయిదు నిమిషాలూ ఫోనులో షేర్ల ధరలు. ఊరి చివర కొన్న స్థలానికి నెలనెలా వాయిదా కూడా వుంది. మొన్న వాళ్ళింటికి వెళితే వాళ్ళమ్మగారు మజ్జిగ ఇచ్చి, “మావాడి డబ్బు రోజురోజుకీ పెరుగుతోందట నాయనా, సంతోషమే. మనవరాలు కూడా పెరుగుతోంది. ఆ సంగతి వాడికి నువ్వన్నా చెప్పకూడదూ?” అన్నది.

చెప్పాను. “ఇదంతా ఆ పిల్ల కోసమే గదా మాస్టారూ!” అన్నాడు.

అబద్ధం కాదు. నిజంగా పిల్ల కోసమే. చిక్కంతా అక్కడే వుంది. ఎవరి కోసం కూడబెడుతున్నామో వారికి పెట్టవలసిన పొద్దును కూడా ఆ ఖాతాలోనే జమ కడుతున్నాం.

పోనీ, అంత ధ్యాస పెట్టినందుకు ఫలం దక్కుతుందా అంటే, సెబీ లెక్కలు చూడండి. 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్ళలో ఫ్యూచర్సు, ఆప్షన్సు బేరాలు చేసిన మామూలు మనుషుల్లో నూటికి 93 మంది నష్టపోయారని ఆ సంస్థ 2024 సెప్టెంబరులో ప్రకటించింది. అందరి నష్టమూ కలిపితే రూ. 1.8 లక్షల కోట్లు దాటింది. నెలకింత అని ఒక మంచి మ్యూచువల్ ఫండులో వేసి పదేళ్ళు దాని జోలికి పోకుండా వుండటం వేరు, పీరియడుకూ పీరియడుకూ మధ్య అదృష్టాన్ని తడిమి చూసుకోవడం వేరు. మొదటిది ఓపిక అడుగుతుంది. రెండోది మనిషినే అడుగుతుంది.

మదుపంటే షేర్లే అనుకోకండి. మార్కాపురం, గిద్దలూరు వైపు అన్నిటికంటే పెద్ద పందెం బోరు. బత్తాయి చెట్లు కళ్ళముందే ఎండుతూంటే రైతు ఏం చేస్తాడు? బోరు వేస్తాడు. వందల అడుగులు దిగినా దుమ్మే లేస్తే, ఇంకోచోట ఇంకోటి వేస్తాడు. పోయిన డబ్బు మీది బాధ కన్నా, ఇక్కడ ఆపితే అదంతా వృథా అయిపోతుందనే భయమే మనిషిచేత మళ్ళీ మళ్ళీ పెట్టిస్తుంది.

మా విద్యార్థి ఒకడు చెప్పిన మాట నన్ను చాలా రోజులు వెంటాడింది. “మూడో బోరు వేసేముందు మా అమ్మ అడిగింది సార్, ‘ఇది గూడా పడకపోతే యాడ ఆపుతావయ్యా?’ అని. మా నాయన పలకలేదు.” మూడోది కూడా పడలేదు. ఆ యేడు తల్లీ తండ్రీ గుంటూరు వైపు మిరపకోతలకు వెళ్ళారు. పిల్లలు అవ్వ దగ్గర వున్నారు. ఆ తండ్రిది దురాశ అనటానికి నాకు నోరు రాదు. నీళ్ళు లేని నేల మీద ఆశ ఒక్కటే పెట్టుబడి. కాని ఆ తల్లి అడిగిన ప్రశ్న మాత్రం బోరుకే కాదు, స్థలానికీ, షేర్లకూ, ట్యూషన్లకూ కూడా వర్తిస్తుంది. ఎక్కడ ఆపుతావు?

పెద్దలు ఈ సంగతి ఆలోచించకపోలేదు. భాగవతం ఎనిమిదో స్కంధంలో శుక్రాచార్యుడు బలిచక్రవర్తికి ఒక లెక్క చెప్పాడు. సంపదను అయిదు పాళ్ళు చేసి, ధర్మానికొకటి, కీర్తికొకటి, మళ్ళీ సంపాదనకొకటి, తన సుఖానికొకటి, తనవాళ్ళకొకటి వినియోగించాలన్నాడు. వామనుడికి దానం చెయ్యకుండా ఆపటానికి చెప్పిన మాట అది. బలి వినలేదు సరే, లెక్క మాత్రం మంచిదే. బుద్ధుడు సిగాలుడనే గృహస్థుడికి నాలుగు పాళ్ళు చెప్పాడు. ఒకటి అనుభవించటానికి, రెండు వృత్తికి, ఒకటి ఆపదకు. ఇద్దరి లెక్కలూ వేరు. కాని ఒక్క సంగతిలో కలిశాయి. అనుభవించటానికని ఒక పాలు ముందే విడిగా తీసి పెట్టారు. “అన్నీ పోగా మిగిలితే చూద్దాం” అని దాన్ని చివరికి నెట్టలేదు.

పుస్తకాలదాకా ఎందుకు, కంభం చెరువు చూస్తే చాలు. గుండ్లకమ్మ మీద రెండు కొండల నడుమ కట్ట వేసి, గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని చెప్పుకునే చెరువది. విజయనగర రాజుల నాటిది. 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడాల్లో దానికి చోటు దక్కింది. అన్నేళ్ళు అది నిలవటానికి కట్ట బలం ఒక్కటే కారణం కాదు సుమండీ. చెరువన్నాక మూడు వుండాలి. కట్ట, తూము, అలుగు.

వాగు మన పని అనుకోండి. కట్ట పొదుపు. కట్ట లేకపోతే వచ్చిన నీరు వచ్చినట్టే పోతుంది. తూము సంసారం. తూము ఎత్తకపోతే నిండు చెరువు కిందనే పైరు ఎండిపోతుంది. పైగా నిలవ వున్న నీటిని ఎండ తాగుతుంది, నిలవ వున్న డబ్బును ధరలు తాగుతాయి. ఇక అలుగు. ఇంతవరకు నిండితే చాలు, మిగిలింది పొర్లిపోనీ అని ముందే కట్టుకున్న హద్దు. అలుగు లేని చెరువు నిండిననాడే తెగుతుంది.

మన మధ్యతరగతి ఇళ్ళల్లో కట్టలకు అంత లోటు లేదు. లేనిది అలుగే. స్థలం ఒకటి వుంటే రెండోది, ట్యూషను రెండు వుంటే మూడోది.

అయితే ఏం చెయ్యాలంటారా? ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులోనో పోస్టాఫీసులోనో చేతికందేలా వుంచుకోండి. 2020 నుంచి ఒక్కో బ్యాంకులో ఒక్కో డిపాజిటుదారుకు రూ. 5 లక్షల వరకు బీమా వుంది. సంపాదించే మనిషికి జీవిత బీమా, ఇంటిల్లిపాదికీ వైద్య బీమా వుండాలి. ఆ తరువాతే ఎదిగే మదుపు, అదీ పదేళ్ళదాకా అక్కర్లేని డబ్బుతో. వడ్డీ ఎక్కువని ఎవరైనా ఊరిస్తే, 2014-15లో బయటపడిన అగ్రిగోల్డు వ్యవహారంలో చిక్కుకున్న సుమారు 32 లక్షల మందిని ఒకసారి తలుచుకోండి. అప్పు తెచ్చి మదుపు పెట్టకండి. మదుపు లెక్క చూడటానికి నెలకు ఒక్క రోజు చాలు.

ఇక అలుగు సంగతి. ఎంత చాలు, ఏ వేళకు పని ఆగాలి, ఎన్నో బోరు దగ్గర చాలించాలి, ఇవి వరద వచ్చిననాడు తేల్చుకునేవి కావు. ఈ ఆదివారం భోజనాలయ్యాక ఇంటిల్లిపాదీ కూర్చుని ఒక కాగితం మీద రాసుకోండి. పిల్లలను మొదట మాట్లాడనివ్వండి. చివరి మడికి నీళ్ళందాయో లేదో తూము దగ్గర నిలబడినవాడికి తెలియదు.