రోగి ఇల్లు చేరు వేళ

వ్యాధి కుదిరినవారు ఇంటికి పోవుట లోకరీతి. కాని కొన్నిదినములపాటు రోగి దేహమే కిరణములు వెదజల్లుచున్నపుడు ‘ప్రక్కనున్నవారికి క్షేమమా?’ అను ప్రశ్న కూడ వైద్యుని ముందు నిలుచును.

కంఠమునందలి థైరాయిడు గ్రంథి అయొడినును తనలోనికి లాగికొనును. ఈ స్వభావము నాధారముగా గొని 1940వ దశకమునుండి ఆ గ్రంథి వ్యాధులకు రేడియోధార్మిక అయొడినును ఇచ్చుచున్నారు. అయొడిన్-131 సుమారు 8 దినములకొకమారు సగమగును. దాని బీటా కణములు గ్రంథిని దహించును. గామా కిరణములు దేహమును దాటి వెలికి వచ్చును. గ్రంథికి పట్టక మిగిలినది ముఖ్యముగా మూత్రముతోను, కొంత చెమట, లాలాజలములతోను పోవును.

అమెరికాలో 1997 వరకు నియమము సరళముగ నుండెను. దేహమున 30 మిల్లీక్యూరీలకు మించి లేనపుడు, లేదా మీటరు దూరమున గంటకు 5 మిల్లీరెములకు లోబడినపుడు రోగిని పంపవచ్చును. ఆ యేట కొలబద్ద మారెను. రోగివలన మరియొకరికి కలుగు మోతాదు 5 మిల్లీసీవర్టులు మించబోదని లెక్క తేలినచో చాలును. దానితో పెద్దమోతాదు పుచ్చుకొన్నవారు సైతము ఆనాడే ఇంటికి పోవుటకు వీలు కలిగెను. జర్మనీలోనన్ననో కనీసము 48 గంటలు ఆసుపత్రిలో నుండవలెను. భారతదేశమునందును పెద్దమోతాదు పొందినవారిని ప్రత్యేకమైన గదులలో నుంచుట నియమము.

పదార్థమొక్కటియే, నియమములేల వేరైనవి? అమెరికా వారి లెక్క రోగి విడిగా పండుకొనుననియు, పిల్లలకు దూరముగ నుండుననియు నమ్మి వేసినది. ఆ నమ్మిక ఎల్లెడల నిలువలేదు. కొందరు రోగులు ఇంటికి బదులు హోటళ్లకు పోవుచున్న సంగతి 2010లో అమెరికా కాంగ్రెసు సభ్యుల దృష్టికి వచ్చెను. అట్లు పంపుట తగదని 2011లో అచటి అణు నియంత్రణ సంఘము వైద్యులకు గట్టిగా సూచించెను. ఆ దుప్పట్లు ఉతుకు పనిమనిషికి ఆ సంగతి చెప్పువారెవరు?

అట్లని రోగిని ఊరక నిర్బంధించుటయు న్యాయము కాదు. ఏకాంతము దుర్భరము, ఖర్చు భారము. గదులు కొలదియైనచోట ఒకరు నిలిచినన్నాళ్లు మరియొకరి చికిత్స ఆగును.

ఈ నిర్ణయమును రోగి రోగికి విడిగా చేయవలెనని, పసిపిల్లల విషయమున మిక్కిలి జాగ్రత్త వలయునని అంతర్జాతీయ కిరణరక్షణ సంఘము 2004లోనే చెప్పినది. ఇంట గదులెన్ని? చంటిబిడ్డ కలదా? మరుగుదొడ్డి ఎందరికి? ప్రయాణము క్రిక్కిరిసిన బస్సులోనా? ఒకే గదిలో ఇంటిల్లిపాది నిద్రించు మన పేదయిండ్లలో ఈ ప్రశ్నలకు బరువెక్కువ. పరికరము వీనికి బదులు చెప్పజాలదు. కావున వీనిని మందిచ్చుటకు ముందే అడుగుట మేలు. మందు మ్రింగిన పిమ్మట రోగికిగాని, వైద్యునికిగాని వేరు దారి వెదకుకొను వ్యవధి యుండదు.