ఎంటర్ కొట్టే ముందు

సైన్ 30 ఎంత అని పదో తరగతి చదివిన ఎవరిని అడిగినా సగం అంటారు. ఆక్టేవ్, మ్యాట్‌ల్యాబ్ లాంటి గణిత సాఫ్ట్‌వేర్‌ను అడిగితే మైనస్ 0.9880 అని చూపిస్తుంది. మనం డిగ్రీలు అనుకున్నాం, అది రేడియన్లు అనుకుంది. డిగ్రీల్లో కావాలంటే దానికి వేరే ఫంక్షన్ ఉంది. మొదటిసారి కీబోర్డు ముందు కూర్చున్న విద్యార్థి ఈ జవాబు చూసి ఉలిక్కిపడతాడు. ఎక్కడ తప్పిందో వెతుకుతాడు, రేడియన్ల సంగతి తెలుసుకుంటాడు, ఇక మరిచిపోడు. అదే విద్యార్థి 30 బదులు 20 కొట్టాడనుకోండి. 0.9129 వస్తుంది. రావలసింది 0.3420. కానీ ఆ 0.9129ని చూస్తే ఎవరికీ అనుమానం రాదు. సున్నాకీ ఒకటికీ మధ్యలో ఉంది, ముందు మైనస్ కూడా లేదు. 20 డిగ్రీల సైన్ సగం కంటే తక్కువే ఉండాలన్న ఊహ మనసులో మెదలకపోతే, దాన్ని రికార్డులో రాసుకుని తర్వాతి లెక్కకు వెళ్లిపోతాడు.

గణిత సాఫ్ట్‌వేర్‌ను కొత్తవాళ్ల చేతికి ఎప్పుడివ్వాలి? చేత్తో లెక్కలు బాగా వచ్చాకనా, మొదటి రోజు నుంచేనా? ఇంజనీరింగ్, డిగ్రీ కాలేజీల్లో గణితం చెప్పే మాలాంటి వాళ్ల మధ్య ఈ వాదం ఏటా వస్తుంది. రెండు పక్షాల వాళ్లూ పిల్లల మేలు కోరే మాట్లాడతారు, ఇద్దరి దగ్గరా గట్టి కారణాలున్నాయి. అందుకే దీన్ని తొందరపడి తేల్చేయకూడదు.

మొదటి రోజు నుంచే ఇవ్వాలనే వాళ్లకు ఈ సాఫ్ట్‌వేర్ల పుట్టుకే పెద్ద బలం. క్లీవ్ మోలర్ 1970ల చివర్లో న్యూ మెక్సికో విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతూ, తన విద్యార్థులు ఫోర్‌ట్రాన్ ప్రోగ్రాంలు రాసే పని లేకుండానే మాత్రికల లెక్కలు చేసుకోవాలని మ్యాట్‌ల్యాబ్ మొదటి రూపం తయారు చేశాడు. అది అమ్మకపు సరుకైంది తర్వాత, 1984లో మ్యాథ్‌వర్క్స్ కంపెనీ పెట్టాకే. ఆక్టేవ్ కథా అలాంటిదే. కెమికల్ ఇంజనీరింగ్ విద్యార్థులు తమ ఫోర్‌ట్రాన్ ప్రోగ్రాం ఎందుకు పనిచేయడం లేదో వెతుక్కోవడంలోనే సమయమంతా పోగొట్టుకుంటున్నారని, అసలు పాఠానికి తీరిక దొరకడం లేదని గమనించి, రియాక్టర్ డిజైన్ పాఠ్యపుస్తకానికి తోడుగా దాన్ని తలపెట్టారు. జాన్ ఈటన్ 1992లో పూర్తిస్థాయిలో ఆ పనికి దిగాడు. అంటే ఇవి ఆరితేరిన వాళ్ల కోసం తయారై తర్వాత పిల్లల దగ్గరికి వచ్చినవి కావు. మొదట్నుంచీ విద్యార్థుల కోసం పుట్టినవే.

రెండో బలం బొమ్మ. ఫూరియర్ శ్రేణి మా విద్యార్థులందరికీ ఉన్న పాఠమే. ఏ నాట్, ఏ ఎన్, బీ ఎన్ సూత్రాలు బట్టీ పడతారు, ఇంటిగ్రేషన్ చేస్తారు, సిగ్మా గుర్తుతో జవాబు రాసి కింద గీత గీస్తారు. ఆ సిగ్మా ఏం చేస్తోందో చాలామంది ఎప్పుడూ చూసి ఉండరు. మా ల్యాబ్‌లో ఒకమ్మాయి మైనస్ ఒకటి, ప్లస్ ఒకటి మధ్య దూకే చతురస్ర తరంగాన్ని ఎంచుకుని ఒక పదంతో గీసింది, మూడింటితో గీసింది, తొమ్మిదింటితో గీసింది. మెలికలు తిరిగే గీత క్రమంగా చతురస్రానికి దగ్గరవుతుంటే మురిసిపోయింది. కానీ దూకే చోట రెండు కొమ్ములు మిగిలిపోయాయి. యాభై పదాలు కలిపింది, కొమ్ములు సన్నబడ్డాయి గానీ ఎత్తు తగ్గలేదు. రెండు వందలు కలిపినా అంతే. ప్రోగ్రాంలో తప్పుందేమో చూడండి సార్ అంది. తప్పేమీ లేదు. ఆ కొమ్ము 1.179 దగ్గర ఆగుతుంది, అంటే దూకిన ఎత్తులో దాదాపు 9 శాతం పైకి పోతుంది. ఎన్ని పదాలు కలిపినా అది పోదు. విల్బ్రహామ్ 1848లోనే దీన్ని గుర్తించాడు, తర్వాత అందరూ మరిచిపోయారు. 1899లో గిబ్స్ మళ్లీ వివరించాక దానికి ఆయన పేరే స్థిరపడింది. ఎన్నో సంవత్సరాలు నల్లబల్ల మీద ఫూరియర్ శ్రేణి చెప్పిన నాకు, ఆ కొమ్ములు ఎందుకు పోవని అడిగిన విద్యార్థి అంతకుముందు ఒక్కరూ దొరకలేదు. నల్లబల్ల మీద వాళ్లకు కొమ్ములు కనిపించలేదు కాబట్టి అడగలేదు.

ఈ పక్షానికి ఒక పరిశోధన ఆధారం కూడా ఉంది. క్యాథ్లీన్ హీడ్ 1988లో ప్రచురించిన అధ్యయనంలో, కాలేజీ కాల్క్యులస్ చదివే 39 మంది మొదటి 12 వారాలు కంప్యూటర్‌తోనే నడిచారు. అవకలనం, ఇంటిగ్రేషన్ లాంటి యాంత్రికమైన పనులు కంప్యూటర్ చేసింది, భావాల మీద వాళ్లు దృష్టి పెట్టారు. చేతిలెక్కల సాధన చివరి 3 వారాలే. మరో 100 మంది మాత్రం 15 వారాలూ సాధన చేశారు. చివరి పరీక్షలో యాంత్రికమైన లెక్కల్లో మొదటి జట్టు దాదాపు వీళ్లతో సమానంగా చేసింది, భావాలు అర్థం చేసుకోవడంలో వీళ్లను మించింది. ఒక్క అధ్యయనంతో అన్నీ తేలిపోవు. కానీ చేత్తో వెయ్యి లెక్కలు చేయనిదే విషయం బుర్రకెక్కదు అనే వాళ్లు దీనికి సమాధానం చెప్పుకోవాల్సిందే.

ఇక రెండో పక్షం. ఆస్ట్రియాలోని లింజ్‌లో కంప్యూటర్ బీజగణితానికి ఒక కేంద్రాన్నే కట్టి నిలబెట్టిన బ్రూనో బుక్‌బెర్గర్ 1990లో ఒక ప్రశ్న వేశాడు. యంత్రం ఇంటిగ్రేషన్ చేసేస్తుంటే విద్యార్థులు ఆ సూత్రాలు నేర్చుకోవాలా? నేర్చుకుంటున్న దశలో ఆ విషయాన్ని యంత్రానికి వదిలేస్తే చేటు, పట్టు దొరికాక మాత్రం నిశ్చింతగా వదిలేయవచ్చు అన్నది ఆయన సమాధానం. మాత్రికలు నేర్చుకునేటప్పుడు మాత్రికలు చేత్తో చేయాలి. అవి వచ్చాక, వాటిని వాడుకునే పై పాఠంలో యంత్రానికి అప్పజెప్పాలి. ఈ మాట యంత్రమంటే గిట్టనివాడు అన్నది కాదు, అలాంటి సాఫ్ట్‌వేర్‌కు పునాది వేసిన గణితం కనిపెట్టినవాడు అన్నది. అందుకే నేను దీన్ని తేలిగ్గా తీసుకోలేను.

యంత్రం ఇచ్చిన జవాబును పిల్లలు గుడ్డిగా నమ్మేస్తారన్న ఆ పక్షం వాళ్ల భయానికి ఆధారం లేకపోలేదు. ఆక్టేవ్‌లో 0.1, 0.2 కలిపితే 0.3కి సమానమా అని అడిగి చూడండి. కాదు అని వస్తుంది. కంప్యూటర్ దశాంశాలను ద్విసంఖ్యల్లో దాచుకుంటుంది, అందులో పదోవంతుకు అంతం లేదు, ఎక్కడో తెంచక తప్పదు. ఈ తెంపుడు చాలా చిన్నదని ఊరుకుంటే ఏమవుతుందో 1991 ఫిబ్రవరి 25న తెలిసింది. సౌదీలోని దహ్రాన్‌లో పేట్రియాట్ క్షిపణి వ్యవస్థ కాలాన్ని పదోవంతు సెకన్లలో లెక్కపెడుతోంది, ఆ పదోవంతును 24 బిట్లలో తెంచేసింది. దాదాపు 100 గంటలు ఆపకుండా నడిచేసరికి తేడా 0.34 సెకన్లయింది. అది అడ్డుకోవలసిన స్కడ్ క్షిపణి ఆపాటి సమయంలో అర కిలోమీటరుకు పైగా దాటిపోతుంది. దాన్ని అడ్డుకోలేకపోవడంతో 28 మంది అమెరికన్ సైనికులు చనిపోయారు.

ఇంకో ఇబ్బంది చిన్నదే అయినా రోజూ ఎదురయ్యేది. రెండు వరుసల సంఖ్యలను జతజతగా గుణించాలంటే గుణకారం గుర్తుకు ముందు ఒక చుక్క పెట్టాలి. పెట్టకపోతే అది మాత్రికల గుణకారం అనుకుని, కొలతలు పొసగడం లేదని ఎర్రర్ ఇస్తుంది. వర్గం చేయడానికీ అదే చుక్క. తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లవాడికి ఆ ఇంగ్లీషు ఎర్రర్ చదవడం ఒక పని, అర్థం చేసుకోవడం ఇంకో పని. గంటన్నర ల్యాబ్‌లో సగం చుక్కకే పోతే, ఫోర్‌ట్రాన్ బాధ తప్పించడానికి పుట్టిన సాఫ్ట్‌వేర్ మళ్లీ ఆ బాధే తెచ్చిపెట్టినట్టు. ఇప్పుడు చాట్‌బాట్‌ను అడిగితే ప్రోగ్రాం అదే రాసిపెడుతోంది కాబట్టి చుక్క బెడద తగ్గింది. దాంతోపాటు 0.9129ని పట్టుకోగలిగే సందర్భాలూ తగ్గాయి, ఎందుకంటే ఇప్పుడు విద్యార్థి లెక్కా చేయలేదు, ప్రోగ్రామూ రాయలేదు.

ఇంతవరకూ చూస్తే చెయ్యి నమ్మదగ్గది, యంత్రం మోసగించేది అనిపించవచ్చు. ఒక్క లెక్క దగ్గర ఆగి చూస్తే సంగతి అలా లేదు. మైనస్ ఒకటి నుంచి ఒకటి వరకు 1 బై ఎక్స్ స్క్వేర్‌ను ఇంటిగ్రేట్ చేయమని ఇవ్వండి. కాగితం మీద చేసేవాడు మైనస్ 1 బై ఎక్స్ అని రాసి, హద్దులు వేసి, మైనస్ 2 అని తేలుస్తాడు. ఎక్కడా సున్నాకు దిగని వక్రం కింది వైశాల్యం రుణాత్మకం ఎలా అయిందని ఆగి ఆలోచించడు, ఎందుకంటే అతను సూత్రం ప్రకారం చేశాడు. యంత్రం ముందున్నవాడు ట్రెపిజాయిడల్ పద్ధతిలో 101 భాగాలు చేస్తే దాదాపు 496 వస్తుంది. అదీ తప్పే. 1001 భాగాలు చేస్తే 4938 వస్తుంది. ఇక్కడ ఒక తేడా గమనించండి. కాగితం మీది మైనస్ 2 ఎన్నిసార్లు చేసినా మైనస్ 2గానే ఉంటుంది. యంత్రం ఇచ్చిన జవాబు మాత్రం భాగాలు పెంచినకొద్దీ పెరిగిపోతుంది, ఆ పెరగడమే ఈ వైశాల్యానికి పరిమితి లేదని చెబుతోంది. అయితే ఆ మాట వినాలంటే రెండోసారి భాగాలు మార్చి చూడాలి. ఒకసారి చేసి 496 అని రాసుకుంటే, మైనస్ 2 రాసినవాడికీ ఇతనికీ తేడా లేదు.

నా తీర్పు ఈ లెక్క దగ్గరే కుదిరింది. యంత్రం ముందా చెయ్యి ముందా అన్నదాని కంటే, జవాబు రాకముందే అది ఎంత ఉండొచ్చో విద్యార్థి ఊహించాడా లేదా అన్నది నాకు ముఖ్యం. అందుకని సాఫ్ట్‌వేర్ మొదటి సెమిస్టర్ నుంచే ఇవ్వాలంటాను. ఈ విషయంలో బుక్‌బెర్గర్‌తో విభేదిస్తున్నాను. పట్టు దొరికేదాకా ఆగమంటే, చేతిలెక్కల్లో వెనకబడిన పిల్లలు ఆ కొమ్ములను ఎప్పటికీ చూడరు. అయితే ఆయన భయం నిజమైనదే కాబట్టి, మొదట్లో యంత్రాన్ని అడిగే ప్రశ్నలన్నీ జవాబు తెలిసినవో, కనీసం ఉజ్జాయింపుగా చెప్పగలిగినవో అయి ఉండాలి. రెండు తెలియని రాశుల సమీకరణాలు, అందరికీ తెలిసిన వైశాల్యాలు, పాఠ్యపుస్తకంలో సాధించి ఉన్న ఉదాహరణలు అందుకు పనికొస్తాయి. ఐఐటీ బాంబేలోని ఫోసీ ప్రాజెక్టు వాళ్లు ప్రామాణిక పాఠ్యపుస్తకాల్లో సాధించిన లెక్కలను విద్యార్థుల చేత సైలాబ్ అనే సాఫ్ట్‌వేర్‌లో చేయించారు. పుస్తకంలో జవాబు ఉంది కాబట్టి ప్రోగ్రాం తప్పితే వెంటనే దొరికిపోతుంది. కొత్తవాళ్లకు ఇంతకంటే మంచి దారి నాకు తెలియదు. అన్నట్టు, ఆక్టేవ్‌కు ఆ పేరు ఈటన్ గురువుల్లో ఒకరైన ఆక్టేవ్ లెవెన్‌స్పీల్ నుంచి వచ్చింది. చేతికందిన కాగితం ముక్క మీద క్షణాల్లో ఉజ్జాయింపు లెక్క తేల్చడంలో ఆయన పేరు మోసినవాడు.

ఏ సాఫ్ట్‌వేర్ అన్నది నా దృష్టిలో చిన్న ప్రశ్న. మ్యాట్‌ల్యాబ్‌కు సహాయ పత్రాలు బాగుంటాయి, కొన్ని ఉద్యోగాల్లో అదే అడుగుతారు. కానీ కాలేజీ కొన్న లైసెన్సు కాలేజీతోనే పోతుంది. ఆక్టేవ్, సైలాబ్, పైథాన్ ఉచితం, ఇంటికి తీసుకెళ్లవచ్చు. మ్యాట్‌ల్యాబ్‌లో రాసిన మామూలు ప్రోగ్రాములు చాలావరకు ఆక్టేవ్‌లో అలాగే నడుస్తాయి. ఐఐటీ బాంబే స్పోకెన్ ట్యుటోరియల్ పాఠాలు తెలుగులో కూడా దొరుకుతాయి. ల్యాప్‌టాప్ లేని పిల్లలు ఫోన్లో జియోజీబ్రాతో మొదలుపెట్టినా నష్టం లేదు.

నేను చెప్పిన పద్ధతికి ఒక ఖరీదు ఉంది, దాన్ని దాచను. ఊహించి, చేసి, భాగాలు మార్చి మళ్లీ చేసి పోల్చుకునే విద్యార్థి నెమ్మదిగా నడుస్తాడు. మన ల్యాబ్‌లకు పది పన్నెండు ప్రోగ్రాముల జాబితా ఉంటుంది, అన్నీ రికార్డులో ఎక్కితేనే ఇంటర్నల్ మార్కులు. ఆ ఒత్తిడిలో మాన్యువల్‌లో ఉన్నది చూసి కొట్టడం, వచ్చిన అంకె రాసుకోవడం తప్ప పిల్లలకు వేరే దారి లేదు, తప్పు వాళ్లది కాదు. జాబితాను ఆరుకో ఏడుకో తగ్గించి, రికార్డులో ప్రోగ్రాం పైన ఒక గడి పెట్టమని బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో ఉన్నవాళ్లను అడుగుతున్నాను. ఎంటర్ కొట్టకముందు విద్యార్థి తన అంచనాను ఆ గడిలో పెన్నుతో రాయాలి. అంచనా తప్పినా మార్కు పోకూడదు. వైవాలో ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ఆ గడి మీదే మొదటి ప్రశ్న అడగాలి.