రోగి చేతికి కలము

కవిత్వము రోగమును మాన్పునా అని ఎవరైన అడిగినచో మాన్పదనియే మా సమాధానము. మజాజ్ జీవితమును ఎరిగిన ఉర్దూ విద్యార్థులకు ఈ మాట కొత్త గాదు. అలీగఢ్ విశ్వవిద్యాలయ గీతకర్తయైన ఆ కవి మద్యవ్యసనమునకు లోబడి, 1952లో రాంచీ మానసిక వైద్యశాలలో చేరవలసి వచ్చెను. ఆ యేడే వంగకవి కాజీ నజ్రుల్ ఇస్లామ్‌ను కూడ అక్కడికే తీసికొనిపోయిరి. మజాజ్ కొంత కోలుకొని తిరిగివచ్చెను గాని, 1955 డిసెంబరు చలిలో లక్నోలోని ఒక పానశాల మేడపై మిత్రులు విడిచిపోగా, ఆసుపత్రికి చేర్చిన పిమ్మట మరణించెను. ముషాయిరాలలో ఆయనకు వాహ్వాలు కొదువ కాలేదు. ఆ రాత్రి ఇంటికి చేర్చువాడొక్కడు లేకపోయెను.

అట్లయిన వ్యసనవిముక్తి కేంద్రములలోని రోగులకు కలము, కాగితము ఇవ్వవలెనని మేమేల కోరుచున్నాము? సభకై వ్రాయుట వేరు, తనకై వ్రాసికొనుట వేరు. అమెరికాలో పెన్నెబేకర్, బీల్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు 1986లో ప్రకటించిన ప్రయోగములో కళాశాల విద్యార్థులు నాలుగు దినములు, దినమునకు 15 నిమిషముల చొప్పున, తమ మనస్సును గాయపరచిన సంఘటనలను వ్రాసిరి. వ్రాసిన వెంటనే వారి దుఃఖము హెచ్చినది. అయినను జరిగినదానిని, దానివలన కలిగిన భావమును కలిపి వ్రాసినవారు తరువాతి నెలలలో వైద్యుని వద్దకు తక్కువగా పోయిరి. 1999లో ఉబ్బసము, కీళ్లవాతము గల 112 మంది రోగులపై జరిగిన పరిశోధనలో, నాలుగు మాసముల పిమ్మట ఇట్లు వ్రాసినవారిలో 47 శాతమునకు, తక్కినవారిలో 24 శాతమునకు మేలు కనిపించినది. మందులు మానిపించి కాదు, మందులకు తోడుగానే. తరువాతి పరిశోధనలన్నియు ఇంతటి ఫలితమును చూపలేదు.

మద్యము మానిన తొలిదినములలో చేతులు వణకును. అది వైద్యుని కాలము. ఆ పిమ్మట వచ్చు సాయంకాలములే దీర్ఘమైనవి. ఇంటిలో తన మాట ఎవరును నమ్మని స్థితికి వచ్చిన మనిషి, మొదట కాగితముతోనైన నిజము చెప్పుకొనవలెను. వానికి ఛందస్సు, బహర్ నేర్ప నక్కరలేదు. రదీఫ్ వలె, శతకపు మకుటము వలె ప్రతి పర్యాయము తిరిగివచ్చు మాటనొక్కటి ఇచ్చిన చాలును. తక్కిన పంక్తి దానికదే వచ్చి చేరును. అయితే సాకీని, జామ్‌ను పొగడు గజళ్లు మాత్రము అచ్చట వలదు. వాటి సూఫీ అర్థమును మనము విప్పి చెప్పువరకు రోగి ఆగడు గదా!

ఇంట దక్కనీ మాటలాడుచు ఉర్దూ లిపి చదువలేనివారు మనలో అనేకులు. వారు తెలుగు లిపిలో వ్రాయవచ్చును. అక్షరమే రానివారు చెప్పగా మన విద్యార్థి వ్రాయవచ్చును, కాని ఒక్క మాటయైనను దిద్దరాదు.

వ్యసనపరుల నడుమకు విద్యార్థులను పంపుట కళాశాలకు అపఖ్యాతి యని కొందరు పెద్దలు శంకించుచున్నారు. ఆ రోగులలో మన ఇరుగుపొరుగువారు లేరా? వైద్యుని అనుమతితో, అధ్యాపకుని వెంట, పక్షమున కొకసారి ఉర్దూ, తెలుగు సాహిత్య సంఘముల నుండి ఇద్దరేసి పోయిన చాలునని మా ప్రతిపాదన. రోగులు వ్రాసిన కవితలను వార్షిక సంచికలో ముద్రించవలెనను మిత్రుల కోరికను మాత్రము మేము అంగీకరింపము. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము వ్యసనరోగికి కూడ గోప్యతను హక్కుగా ఇచ్చినది. వ్రాసిన పుస్తకము వాని దిండు క్రిందనే ఉండవలెను. కమిటీవారు ఈ సంవత్సరము మంజూరు చేయవలసినది నోటు పుస్తకముల ఖర్చు, రాకపోకల ఛార్జీలు మాత్రమే.