స్త్రీపర్వం లేని యుద్ధం

గడచిన సంక్రాంతి సెలవులలో నందిగామ ప్రాంతపు చెవిటికల్లులో ఒక మిత్రుని ఇంటి వసారాలో కూర్చొని ఉన్నాను. వాకిట ప్రత్తి బస్తాలు పేర్చి ఉన్నవి. ఆ బస్తాలకు చేరగిలబడి, ఇంజనీరింగు చదువుతున్న ఆ ఇంటి పిల్లవాడు ఒళ్లో కంప్యూటరు పెట్టుకొని ఒక పట్టణాన్ని ముట్టడిస్తున్నాడు. తెరమీద రాతిమేడలు, చర్చి గోపురం, నడుమ విశాలమైన వీధి కనిపిస్తున్నవి. వాని సిపాయిలు ఆ వీధిని విడిచి, సందులవెంట, గోడలవెంట దొంగలవలె నడుస్తున్నారు.

"వీధి ఖాళీగానే ఉన్నది గదా, సూటిగా పోనీయవేమి?" అని అడిగినాను.

"ఖాళీ వీధే ప్రమాదమండీ మాస్టారూ. కిటికీలన్నీ వాళ్లవి" అన్నాడు వాడు, తెరమీది నుండి చూపు మరల్చకుండానే.

ఆ ఒక్క మాటలో నగరయుద్ధ శాస్త్రమంతా ఇమిడి ఉన్నదని తరువాత తెలుసుకున్నాను. వాడు ఆడుతున్నది కెనడా దేశపు రెలిక్ సంస్థ 2006లో వెలువరించిన 'కంపెనీ ఆఫ్ హీరోస్' అనే యుద్ధక్రీడ. రెండవ ప్రపంచ సంగ్రామం దానికి ఇతివృత్తం. ఇటలీ, ఉత్తరాఫ్రికా రంగాలను తీసుకొని దాని మూడవ భాగం 2023లో వచ్చింది. అందులో గూర్ఖా దళాలు, భారతీయ ఫిరంగి దళం కూడా కలవు.

ఈ ఆటలో తుపాకి గురి చూసి కాల్చే నేర్పుకన్న కాల్బలాన్ని నడిపే బుద్ధికే విలువ ఎక్కువ. బయలులో నిలిచిన దళం నిమిషంలో నశిస్తుంది. రాతిగోడ చాటున నిలిచినది చాలసేపు నిలుస్తుంది. ఒక మేడలో మరతుపాకి అమర్చితే వీధి అంతయు మూతపడుతుంది. దానికి ఎదురునడిచే సిపాయిలు నేలకు కరచుకొని తల ఎత్తలేరు. అప్పుడు చేయవలసినది ముందునుండి పొగబాంబు వేసి చూపును కప్పడం, ఒక దళం ఎదుటనుండి కాల్పులతో శత్రువును నిలిపి ఉంచగా మరొక దళం ప్రక్కవాటుగా పోయి ఇంటిని చేరడం, ఆపైన చేతిబాంబుతోనో, మంటలు చిమ్మే గొట్టంతోనో లోపలివారిని వెళ్లగొట్టడం. ఒక దళం అదుపు చేయాలి, ఒక దళం కదలాలి. ఈ రెండింటి పొందికలోనే గెలుపు ఉన్నది.

దీనిని పనికిమాలిన ఆట అని నేను అనజాలను. మన అరుగులమీద, గుళ్ల బండలమీద గీసి ఆడిన పులిమేక ఆటకు ఇది దూరపు చుట్టమే. మూడు పులులకు పదునైదు మేకలు. పులి దూకి చంపుతుంది. మేకకు చంపే శక్తి లేదు. అయినా మేకలు ఒకదాని వెనుక ఒకటి నిలిచి, దూకుటకు చోటు లేకుండా చేసి, పులిని కట్టివేస్తవి. బలహీనుడు బలవంతుని దారి మూయడమే ఆ ఆటలోని రహస్యం. వసారాలో ఆ పిల్లవాడు చేస్తున్నదీ ఇదే.

అయితే, ఈ కంప్యూటరు ఆట నేర్పే సూత్రాలు ఊహలో పుట్టినవి కావు. అవి మనుష్యుల రక్తంతో వ్రాసినవి. 1942లో స్టాలిన్‌గ్రాడ్ నగరంలో 62వ సైన్యాన్ని నడిపిన చూయికోవ్, జర్మను విమానాల ధాటికి ఒక ఉపాయం కనిపెట్టినాడు. తన సిపాయిలను శత్రువుకు అతి సమీపాన, చేతిబాంబు విసరగలిగినంత దూరంలో నిలిపినాడు. అంత దగ్గరగా బాంబులు వేస్తే జర్మను విమానాలు తమవారినే చంపుకోవలసి వస్తుంది. పెద్ద పటాలాలను విడగొట్టి, ఒక్కొక్క ఇంటిని పట్టుకొనే చిన్న దాడి బృందాలుగా మార్చినాడు. 1943 డిసెంబరులో ఇటలీలోని ఒర్తోనా పట్టణంలో కెనడా సిపాయిలు వీధిలోకి అడుగు పెట్టడమే మానుకున్నారు. ఇంటికీ ఇంటికీ నడుమనున్న గోడను ప్రేలుడు మందుతో చిల్లుపొడిచి, ఎలుకలవలె ఒక ఇంటినుండి మరొక ఇంటిలోనికి సాగినారు. ఆ పోరులో ఆ చిన్న పట్టణపు పౌరులు వేయిమందికి పైగా మరణించినారు.

అంత దూరం పోనక్కరలేదు. చెవిటికల్లుకు ఎగువన, నందిగామ, జగ్గయ్యపేటల మీదుగా హైదరాబాదు పోయే రాజమార్గమే ఒక యుద్ధపటం. 1948 సెప్టెంబరు 13వ తేదీన బెజవాడ వైపునుండి బయలుదేరిన భారత సేన ఆ ఉదయమే కోదాడను, మధ్యాహ్నానికి మునగాలను చేరింది. మరునాడు సూర్యాపేట రక్షణ స్థానాలమీద విమానాలు బాంబులు వేసిన తరువాత గూర్ఖా పటాలం పట్టణంలో ప్రవేశించింది. వెనుదిరిగిన నిజాం సేన మూసీ వంతెనను కూల్చింది గాని, ఆ చోటిని తుపాకుల గురిలో ఉంచుకొనలేదు. అందువల్ల భారత సేన దానిని త్వరలోనే బాగుచేసుకొని ముందుకు సాగింది. కాపలా కాల్పులు లేని అడ్డంకి అడ్డంకే కాదనేది కాల్బలపు ప్రథమ పాఠం. మా పిల్లవానికి ఈ సంగతి చెప్పగా, "ఈ తప్పు చేస్తే ఆటలో వెంటనే ఓడిపోతామండీ" అన్నాడు. వాని బుద్ధికి నేను సంతోషించినాను.

ఆ సంతోషంలోనే ఇంకొక ప్రశ్న వేసినాను. "అబ్బాయీ, ఈ ఇళ్లలో కాపురం ఉన్నవారు ఏమైనారు?"

వాడు ఒక్క క్షణం నన్ను వింతగా చూసి, "ఈ ఆటలో ఇళ్లలో ఎవ్వరూ ఉండరండీ" అన్నాడు.

ఆ జవాబు నన్ను కలవరపెట్టింది. కిటికీ ఉన్నది గాని కిటికీ వెనుక తల్లి లేదు. వంటయిల్లు ఉన్నది గాని పొయ్యి మీద కుండ లేదు. ఇల్లు అంటే ఇక్కడ మనుష్యులుండే చోటు కాదు, తుపాకి అమర్చే చాటు. స్టాలిన్‌గ్రాడ్‌లో రెండు నెలలు నిలిచి పేరొందిన పావ్లోవ్ ఇంటి నేలమాళిగలో, సిపాయిలతో పాటు పౌరులు కూడా తలదాచుకున్నారు. హైదరాబాదు చర్య అయిదు రోజులలో ముగిసింది. ఆట అయితే అక్కడ జయభేరి మ్రోగి తెర మూతపడేది. కాని చరిత్ర అక్కడ ముగియలేదు. దానికి ముందు రజాకార్ల దౌర్జన్యాలకు గ్రామాలు తల్లడిల్లినవి. దాని తరువాత, ముఖ్యంగా మరాఠ్వాడా, బీదరు ప్రాంతాలలో ప్రతీకార హింస చెలరేగింది. ప్రభుత్వం పంపిన పండిత సుందర్‌లాల్ సంఘం మృతులను 27 వేలనుండి 40 వేల వరకు అంచనా కట్టింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు వెలుగు చూడలేదు. జయాపజయాల పట్టికలో ఈ అంకెకు గడి లేదు.

నేటి యుద్ధాలన్నీ ఊళ్లలోనే జరుగుతున్నవి. 2016, 17 సంవత్సరాలలో మోసుల్, 2022లో మారియుపోల్, 2023 అక్టోబరు తరువాత గాజా. కురుక్షేత్రానికి కౌరవ పాండవులు ఊరు విడిచి బయలుకు పోయినారు. ఈనాడు బయలే ఊరిలోనికి వచ్చింది. జనావాసాలలో ప్రేలుడు ఆయుధాల వాడుకను అదుపు చేయాలని 2022 నవంబరులో డబ్లిన్ నగరంలో 80కి పైగా దేశాలు ఒక ప్రకటనను ఆమోదించినవంటే, ఆపద ఎంతటిదో తెలియగలదు. ఇటువంటి కాలంలో నిర్జన నగరాలలో యుద్ధం చేయడం అలవాటైన యువకుడు, వార్తలలో కూలిన మేడను చూచినప్పుడు దానిలో ఏమి చూస్తాడు? చాటునా, ఇంటినా?

ఆటలను నిషేధించాలని నేను కోరడం లేదు. మన ప్రభుత్వం 2020 సెప్టెంబరులో పబ్జీని నిలిపినది దేశ భద్రత, పౌరుల సమాచార భద్రత కారణాలుగా. 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ క్రీడల చట్టం పందెపు ఆటలను నిషేధించి, పోటీ క్రీడలను ప్రోత్సహించింది. సమాచారం ఎటు పోతున్నది, సొమ్ము ఎటు పోతున్నది అని ఈ రెండు చర్యలూ అడిగినవి. అడగవలసినవే. కాని పిల్లవాని ఊహ ఎటు పోతున్నదని అడగడం చట్టానికి చేతగాదు. అది తల్లిదండ్రుల పని, ఉపాధ్యాయుల పని.

పైగా, ఆటకు ఈ లోపం విధిలిఖితం కాదు. పోలండు దేశీయులు 2014లో 'దిస్ వార్ ఆఫ్ మైన్' అనే ఆటను రూపొందించినారు. సారయెవో ముట్టడి దానికి స్ఫూర్తి. అందులో మనం సిపాయిలం కాము. శిథిలమైన ఇంట్లో ఆకలితో, చలితో రోజులు వెళ్లబుచ్చే పౌరులం. ఆ దేశం 2020లో దానిని విద్యార్థుల పఠన జాబితాలో చేర్చింది. 'ఆర్మా' అనే యుద్ధక్రీడకు 2017లో వెలువడిన ఒక అనుబంధంలో, ఆటగాడు పాడుపడిన గ్రామంలో మందుపాతరలు తొలగించే సేవకుడు. యుద్ధనీతిని బోధించే ఆ అనుబంధపు ఆదాయంలో కొంత అంతర్జాతీయ రెడ్‌క్రాస్‌కు ఇచ్చినారు. కావున ఇంట్లో మనుష్యులను ఉంచడం యంత్రానికి అసాధ్యం కాదు. ఉంచవలెనన్న తలంపే కావలసినది.

మన తిక్కన సోమయాజికి ఆ తలంపు ఉన్నది. వ్యూహాలను, శరపాతాలను పర్వాలుగా వర్ణించిన ఆ మహాకవి, దుర్యోధనుడు పడినంతనే గంటం క్రింద పెట్టలేదు. వ్యాసుని అడుగుజాడలో స్త్రీపర్వాన్ని కూడా తెనిగించినాడు. గాంధారి, కోడండ్రు రణరంగానికి వచ్చి, తమవారి మొగములు వెదకుకొనే ఘట్టమది. గెలిచినవాడు కూడా ఆ పర్వాన్ని దాటనిదే సింహాసనం ఎక్కలేడు. యుద్ధవిద్యను మాత్రమే చెప్పి ఊరుకుంటే భారతం ధనుర్వేదంగానే మిగిలి ఉండేది.

నేను తిరుగు ప్రయాణమయ్యే నాటి సాయంత్రం ఆ పిల్లవాడు మరల అదే పట్టణం ముందర కూర్చున్నాడు. పొగబాంబు వేసినాడు. దళాన్ని ఒక మేడ గుమ్మం వరకు నడిపి, ఆపినాడు. "మాస్టారూ, నిజంగా అయితే లోపల ఎవరైనా ఉన్నారేమో ముందు చూడాలి గదండీ" అన్నాడు.

ఆటలో దానికి మీట లేదు. అయినా వాడు అడిగినాడు.