శాలువాలు వేదికలకేనా?

ఉయ్యూరు పట్టణంలో గానీ, చుట్టుపక్కల గ్రామాల్లో గానీ శాలువా లేని సభ అరుదు. పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయునికి, గెలిచిన నాయకునికి, హరికథ చెప్పిన భాగవతారుకు, చివరికి మైకుసెట్టు ఉచితంగా ఇచ్చిన వారికి సైతం శాలువా కప్పవలసిందే. వాటిలో అధికభాగం ఆ రాత్రికే బీరువా చేరతాయి. కొన్ని మడత విప్పకుండానే మరో సన్మానానికి తరలిపోవడం అందరికీ తెలిసిన రహస్యమే. అదే సమయంలో ఏదో ఒక వీధిలో, పెద్దాసుపత్రి వారు "ఇక ఇంటికి తీసుకువెళ్లండి" అని పంపించివేసిన రోగి మంచం పట్టి ఉంటాడు. ఆయనకు కప్పడానికి శాలువా తీసుకువెళ్లేవారు లేరు. చూడవచ్చినవారు రోగి తినలేడని తెలిసి కూడా అరడజను అరటిపండ్లు మంచం పక్కన పెట్టి, పది నిమిషాలు కూర్చుని, గడియారం చూసుకుని లేస్తారు.

ఇటువంటి వారి కోసం చేత్తో అల్లిన శాలువాలు ఇచ్చే పద్ధతి ఒకటి 1998లో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో మొదలయింది. హార్ట్‌ఫర్డ్ సెమినరీలో చదివిన జానెట్ బ్రిస్టో, విక్టోరియా కోల్-గాలో అనే ఇద్దరు మహిళలు దీనికి ఆద్యులు. అల్లిక మొదలుపెట్టేటప్పుడు, ముగించేటప్పుడు ఆ వస్త్రం అందుకోబోయే వ్యక్తికి మేలు జరగాలని కోరుకుంటారు కనుక వాటికి ప్రార్థనా శాలువాలన్న పేరు వచ్చింది. చర్చిల నుంచి ఆ అలవాటు ఆసుపత్రులకు, హాస్పిస్‌లనే అంత్యదశ రోగుల సేవాసదనాలకు పాకింది. శాలువాతో రోగం నయమవుతుందని అక్కడెవరూ చెప్పరు. ముక్కూమొగం తెలియని ఒక మనిషి తన కోసం ఇన్ని గంటలు కూర్చుని అల్లిందన్న సంగతి రోగికి తెలియడమే అందులోని విశేషం.

ఇది కృష్ణాడెల్టాకు బొత్తిగా పరాయి విషయం కాదు. పాత నేతచీరలను పొరలుగా పరచి, అంచులు మడిచి, పెద్ద పెద్ద కుట్లతో బొంతలు కుట్టడం ఇక్కడి ఇల్లాళ్లకు వెన్నతో పెట్టిన విద్య. పసిబిడ్డను మొదట పడుకోబెట్టేది అమ్మమ్మ చీరతో కుట్టిన బొంత మీదనే. నేతకు పెడన దగ్గరలోనే ఉంది. గోదావరి అవతల కాకుండా ఇవతలనే ఉన్న నర్సాపురం ప్రాంతంలో, 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన లేసు అల్లకం నేటికీ సాగుతున్నది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. చేతులకు, నేర్పుకు ఇక్కడ లోటు లేదు.

1977 నవంబరు 19 నాటి ఉప్పెన తరువాత దివిసీమకు నలుమూలల నుంచి బట్టలు మూటలు మూటలుగా వచ్చాయి. సినిమా తారలు సైతం జోలె పట్టారు. ఆనాటి అవసరం అటువంటిది. కట్టుకోను గుడ్డ లేని వేలమందికి కొలతలు చూసి కుట్టే వ్యవధి లేదు. కాని మంచం మీద ఉన్న ఒక్క మనిషి సంగతి వేరు. ఆయనకు కావలసింది మూటలోంచి తీసి ఇచ్చేది కాదు.

అయితే అమెరికా పద్ధతిని ఉన్నదున్నట్టు దించుకుంటే ప్రయోజనం లేదు. ఉన్ని శాలువా ఈ ఉక్కపోతలో శిక్ష. చిక్కి శల్యమైన శరీరానికి బరువు పనికిరాదు, ఒరుసుకునే ముడి పనికిరాదు. పలుమార్లు ఉతికి మెత్తబడిన నూలుచీర రెండు పొరలు చాలు. గంజి పెట్టరాదు, ఘాటైన అత్తరు చల్లరాదు. వేళ్లు చిక్కుకునే పెద్ద కన్నాల అల్లిక కంటికి ఇంపుగా ఉన్నా రోగికి ఇబ్బందే. తరచుగా వేడినీళ్లలో ఉతకవలసి వస్తుంది కనుక రంగు దిగే బట్ట వద్దు. మరొక ముఖ్యమైన మాట: తెల్లబట్ట అసలే వద్దు. బతికుండగానే కప్పేశారా అని ఇంట్లో పెద్దవాళ్లు బావురుమంటారు. పసుపో, ఆకుపచ్చో, ఎర్రంచుదో అయితే ఎవరికీ అభ్యంతరం ఉండదు.

జబ్బు పేరు రోగికి చెప్పకుండా దాచే కుటుంబాలు ఇక్కడ కోకొల్లలు. అది తప్పా ఒప్పా అన్న చర్చ అలా ఉంచి, వీధిలో బ్యానరు కట్టి, ఫోటోలు తీయించి "అవసానదశ రోగులకు బొంతల పంపిణీ" జరిపితే జరిగే అనర్థం ఊహించుకోవచ్చు. అలాగే ఏ ఇంటి దేవుడు ఆ ఇంటికి ఉంటాడు. కుట్టేవారు మనసులో ఎవరిని తలచుకున్నా, మత ప్రచారానికి మంచం పక్కన చోటు లేదు.

రాత్రిళ్లు మేలుకుని కూర్చునే భార్యనో, కోడలినో మరువరాదు. ప్రాణం పోయాక రోగి వాడిన పడకబట్టలను చాలా ఇళ్లలో బయట పారవేస్తారు, లేదా దహనం చేస్తారు. అందుచేత అదే చీరలో మిగిలిన ముక్కతో ఇంటివారికి మరొకటి కుట్టి ఇవ్వడం ఉచితం. పెద్దదాన్ని ఏం చేసినా అది వారి దగ్గర ఉంటుంది.

ఇంతా చేసి నొప్పిని గాలికి వదిలేస్తే బొంత కప్పడం కంటితుడుపే అవుతుంది. క్యాన్సర్ ముదిరినప్పుడు వచ్చే తీవ్రమైన నొప్పికి మార్ఫిన్ మందు ఉంది, ఖరీదైనదీ కాదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద అనుమతుల చిక్కులకు జడిసి ఆసుపత్రులు దానిని దూరంగా పెట్టడంతో 2014లో ఆ చట్టాన్ని సవరించి నిబంధనలు సడలించవలసి వచ్చింది. కేరళలోని కోజికోడ్‌లో 1993లో కొందరు వైద్యులు మొదలుపెట్టిన నొప్పి నివారణ సేవ, ఇరుగుపొరుగు వలంటీర్ల చేయూతతో ఆ రాష్ట్రమంతటా వ్యాపించి, 2008లో ప్రభుత్వ విధానంగా రూపొందింది. అక్కడ మందూ, మనిషీ రెండూ ఇంటికే వస్తాయి. విజయవాడ, గుంటూరు ఆసుపత్రులు రోగిని ఇంటికి పంపేటప్పుడు, నొప్పి మందు ఎక్కడ దొరుకుతుందో, రాత్రివేళ ఎవరిని పిలవాలో డిశ్చార్జి కాగితంలోనే రాసి ఇవ్వాలని కోరడం అత్యాశ కాదు.

బొంతల ఖర్చు మాటకు వస్తే, సూది మీద బతికే ఆడవాళ్లను సేవ పేరుతో ఉచితంగా కుట్టమనడం న్యాయం కాదు. నర్సాపురం లేసు పనివారి స్వల్ప కూలీలను గురించి మరియా మీస్ 1982లో ఏకంగా పుస్తకమే రాసింది. తీరిక ఉన్న గృహిణులు, రిటైరైన టీచరమ్మలు ఇష్టపడి కుడితే సరే; డ్వాక్రా సంఘాల సభ్యులకు మాత్రం కూలి ముట్టవలసిందే. ఆ సొమ్ముకు వేరే చందాలు అక్కరలేదు. ఉయ్యూరులో జరిగే సన్మాన సభల నిర్వాహకులు వేదిక మీది శాలువాలను సగానికి తగ్గిస్తే, ఎవరి గౌరవానికీ లోటు రాదు, నూలుకు, కూలికి సరిపోతుంది. మంచంలో ఉన్నవారి ఇళ్లు ఏఎన్ఎంలకు, ఆశా కార్యకర్తలకు తెలుసు. వారి ద్వారా ముందుగా ఇంటివారిని అడిగించి, సరేనన్న ఇంటికే, ఒకరిద్దరు మాత్రమే వెళ్లి ఇచ్చి రావడం మంచిది.