లెక్కలోకి రాని బిడ్డను ఎవరు కాపాడతారు?

2024 అక్టోబరు 17న మలేసియా పార్లమెంటు దిగువ సభ పౌరసత్వంపై రాజ్యాంగ సవరణను 206 ఓట్లతో ఆమోదించింది. ఆ సాయంత్రం మా తెలుగు వాట్సాప్ గ్రూపులన్నీ అభినందనలతో నిండిపోయాయి. విదేశంలో బిడ్డను కన్న మలేసియా తల్లి ఇకపై తండ్రితో సమానంగా తన పౌరసత్వాన్ని బిడ్డకు ఇవ్వగలదు. సింగపూర్లోనో, ఆస్ట్రేలియాలోనో కాపురముంటున్న మన ఆడపిల్లలకు ఇంతకంటే మంచి కబురు ఏముంటుంది? డిసెంబరులో ఎగువ సభ కూడా ఒప్పుకుంది. నేనూ సంతోషించాను.

అయితే అదే బిల్లులో మరో రెండు మార్పులున్నాయి. వాటి గురించి మా గ్రూపుల్లో ఒక్క ముక్క కూడా రాలేదు. నేను వాటిని గమనించానంటే అది నా తెలివి కాదు, నేను చేస్తున్న పని వల్ల. అందుకే ముందు ఆ పని సంగతి చెబుతాను.

మాది సుంగై సుమున్. పేరాక్ రాష్ట్రంలో, తెలుక్ ఇంతాన్ నుంచి హుతాన్ మెలింతాంగ్ మీదుగా బాగన్ దాతుక్ వెళ్లే దారిలో ఉంటుంది. ఎటు చూసినా ఆయిల్ పామ్, కొబ్బరి తోటలు. మా మామగారి తాతలు శ్రీకాకుళం వైపు నుంచి ఈ తోటల్లో పనికి వచ్చారు. నేను విజయనగరం నుంచి కోడలిగా వచ్చాను. బీఎస్సీలో లెక్కలు, స్టాటిస్టిక్స్, కంప్యూటర్లు చదివి, పదేళ్లు ఇల్లూ పిల్లలూ తప్ప వేరే ధ్యాస లేకుండా ఉన్నాను. రెండేళ్లుగా మాత్రం పిల్లల రక్షణ కోసం పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థకు ఇంటి నుంచే రోజుకు మూడు గంటలు పనిచేస్తున్నాను. దాన్ని విధాన పరిశోధన అంటారు. పేరు పెద్దదే గానీ పని తేలిగ్గానే అర్థమవుతుంది. ఊళ్లలో తిరిగే కార్యకర్తలు ఒక్కో కుటుంబంతో మాట్లాడి ఫారాలు నింపి పంపుతారు. నేను వాటిని పట్టికలుగా మారుస్తాను. ఏ ఇబ్బంది ఎంతమందికి, ఏ చట్టంలో ఏ మాట వల్ల వస్తోందో చూసి నోట్ రాస్తాను. పై వాళ్లు ఆ నోట్లు పట్టుకుని అధికారుల దగ్గరికి, ఎంపీల దగ్గరికి వెళతారు.

మొదటి నెలలోనే నేనొక తప్పు చేశాను. ఐసీ నంబరు గడి ఖాళీగా ఉన్న ఫారాలన్నీ 'అసంపూర్తి' అని పక్కన పెట్టేశాను. కాలేజీలో మాకు నేర్పిన పద్ధతి అదే. వివరాలు పూర్తిగా లేని వరసల్ని తీసేసి, మిగతా వాటితో లెక్క కట్టాలి. పట్టిక అందంగా వచ్చింది. మా పైఆవిడ చూసి ఒక్కటే అడిగారు. "నువ్వు తీసేసిన పిల్లలెవరమ్మా?"

మళ్లీ తీసి చూశాను. ఆ గడి ఖాళీగా ఉన్నది కార్యకర్త రాయడం మరిచిపోయి కాదు. ఆ పిల్లలకు ఐసీ లేదు. ఎవరి కోసం ఈ పరిశోధనో సరిగ్గా వాళ్లనే నేను లెక్కలోంచి తీసేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అందులో ఒక పాప ఫారం నాకు ఇప్పటికీ గుర్తు. మా జిల్లా పాపే. ఇంకే వివరమూ చెప్పను. తండ్రికి నీలం ఐసీ ఉంది, అంటే పౌరుడే. తల్లి ఇక్కడే ఒక ఎస్టేటులో పుట్టింది. కానీ ఎస్టేటు మూతపడి కుటుంబం చెల్లాచెదురైన రోజుల్లో ఆమె పుట్టుక ఎవరూ నమోదు చేయించలేదు. కాగితం లేదు కాబట్టి పెళ్లి గుళ్లోనే జరిగింది, రిజిస్ట్రేషన్ కాలేదు. పాప పుట్టాక సూరత్ బెరానక్ మీద 'బుకన్ వార్గనెగారా' అని పడింది. పౌరురాలు కాదని. పన్నెండో ఏట స్కూల్లో తోటివాళ్లంతా మైకాడ్ తీసుకోవడానికి వెళితే ఈ పాప వెనక్కి వచ్చేసింది. తర్వాత బడి మానేసింది. ఒక తినుబండారాల కొట్లో గిన్నెలు కడిగే పనిలో చేరింది. ఫారం చివర కార్యకర్త రాసిన మాట ఇది: "చేతి మీద కాలిన మచ్చ ఉంది. ఎలా అయిందో చెప్పడం లేదు. క్లినిక్కు తీసుకెళ్లమంటే, ఐసీ అడుగుతారు అక్కా, వద్దు అని తల్లి ఏడ్చింది."

ఇక్కడ చట్టం లేదని కాదు. మలేసియా బాలల చట్టం 2001 ప్రకారం పద్దెనిమిదేళ్ల లోపు ప్రతి ఒక్కరూ బాలలే. పౌరులైనా కాకపోయినా రక్షణ ఇవ్వాల్సిందే. పిల్లలపై లైంగిక నేరాల చట్టం 2017లో వచ్చింది. అలాంటి నేరం గురించి తెలిసీ చెప్పనివాళ్లకు అయిదు వేల రింగిట్ల వరకు జరిమానా వేయవచ్చు. 15999 అనే ఫోన్ నంబరు ఉంది, తాలియన్ కసిహ్ అంటారు. ఇన్ని ఉన్నా బిడ్డ మీద దెబ్బను మొదట చూసేది టీచరు, తర్వాత డాక్టరు. బడికి వెళ్లని, ఆసుపత్రికి వెళ్లడానికి భయపడే బిడ్డను చూసేదెవరు? అందుకే కాగితం లేకపోవడం పౌరసత్వ సమస్య మాత్రమే కాదు, పిల్లల రక్షణ సమస్య కూడా.

అసలు తండ్రి పౌరుడైతే బిడ్డ ఎందుకు కాకుండా పోయిందని మీరు అడగవచ్చు. చిక్కంతా పెళ్లి రిజిస్ట్రేషన్‌లో ఉంది. 1976 నాటి వివాహ, విడాకుల చట్టం 1982 మార్చి 1 నుంచి అమల్లో ఉంది. ముస్లిమేతరుల పెళ్లి దాని కింద నమోదు కావాలి. తాళి కట్టినా, వెయ్యి మందికి భోజనాలు పెట్టినా నమోదు కాకపోతే చట్టం దృష్టిలో ఆ బిడ్డ వివాహం వెలుపల పుట్టినట్టే. అలాంటి బిడ్డకు తండ్రి హోదా కాదు, తల్లి హోదా వస్తుందని రాజ్యాంగం రెండో షెడ్యూలు చెబుతుంది. తల్లికి ఏ దేశమూ లేకపోతే బిడ్డకూ లేదు. ఒక తరంలో నమోదు కాని పుట్టుక ఇలా మూడో తరాన్ని కూడా పట్టుకుంటుంది.

ఇప్పుడు ఆ సవరణలో మనం పట్టించుకోని మార్పుల సంగతి చూద్దాం.

మొదటిది శాశ్వత నివాసుల పిల్లల గురించి. మలేసియాలో పుట్టిన బిడ్డకు, పుట్టిన నాటికి తల్లిదండ్రుల్లో ఒకరు పౌరులైనా, శాశ్వత నివాసి అయినా పౌరసత్వం వచ్చేది. సవరణ శాశ్వత నివాసి అన్న మాటను తీసేసింది. దీనికి వాదన లేకపోలేదు. శాశ్వత నివాసి మరో దేశపు పౌరుడే కదా, బిడ్డకు ఆ దేశపు పాస్‌పోర్టు వస్తుంది కదా అనవచ్చు. కౌలాలంపూర్లో పీఆర్ తీసుకున్న హైదరాబాద్ ఇంజినీరు కుటుంబం విషయంలో అది నిజమే. ఏడాదిలోగా భారత హైకమిషన్లో పుట్టుక నమోదు చేయిస్తే ఆ బిడ్డ భారత పౌరుడవుతాడు. కానీ తోటల్లో ఎర్ర ఐసీతో బతుకుతున్న పాత కుటుంబాలున్నాయి. వాళ్లూ చట్టం ప్రకారం శాశ్వత నివాసులే. వాళ్లకు వెనక్కి వెళ్లడానికి ఇంకో దేశం లేదు. ఒకే మాట తీసేస్తే ఒక తెలుగు కుటుంబానికి అదనపు పని పడింది, ఇంకో తెలుగు కుటుంబం వాకిలి మూసుకుపోయింది.

రెండోది వయసు. ఏ దారీ లేని పిల్లలకు రాజ్యాంగంలో 15ఏ అనే అధికరణ ఒక కిటికీలాంటిది. ప్రత్యేక పరిస్థితుల్లో ప్రభుత్వం 21 ఏళ్ల లోపు వారిని పౌరులుగా నమోదు చేయవచ్చు. సవరణ ఆ వయసును 18కి తగ్గించింది. మూడేళ్లే కదా అనిపిస్తుంది. మా ఫారాల్లో చూస్తే, దరఖాస్తు పెట్టడం, ఏళ్ల తరబడి జవాబు కోసం చూడడం, కారణం చెప్పకుండా తిరస్కరిస్తే మళ్లీ పెట్టడం మామూలే. అలాంటివాళ్లకు మూడేళ్లంటే ఒక అవకాశం పోయినట్టు.

న్యాయంగా చెప్పాలంటే ఇంతకంటే పెద్ద ప్రమాదం ఒకటి తప్పింది. తల్లిదండ్రులెవరో తెలియకుండా దొరికిన పసిబిడ్డలకు, పుట్టుకతో ఏ దేశపు పౌరసత్వమూ లేని బిడ్డలకు ఇప్పుడున్న హక్కును కూడా మార్చాలని మొదట ప్రతిపాదించారు. 2024 మార్చిలో ప్రభుత్వం ఆ రెండింటినీ వెనక్కి తీసుకుంది. అది ఊరికే జరగలేదు. ఎన్నో సంస్థలు ఒక్కో బిడ్డ కథనూ, చట్టంలోని మాటనూ పక్కపక్కన పెట్టి చూపించాయి. తల్లుల హక్కు కూడా అలాగే వచ్చింది. ఫ్యామిలీ ఫ్రాంటియర్స్ అనే సంస్థ, ఆరుగురు తల్లులు కోర్టుకెళ్లారు. 2021 సెప్టెంబరులో హైకోర్టులో గెలిచారు, 2022 ఆగస్టులో అప్పీలు కోర్టులో ఓడిపోయారు. అయినా అప్పటికి ఆ ప్రశ్న దేశమంతా పాకింది. మధ్యాహ్నం వేళ కూర్చుని పట్టికలు చేస్తే ఏమొరుగుతుంది అని మా అత్తమ్మ అడిగితే నేను చెప్పేది ఇదే.

ఈ పనిలో నాకు ధైర్యం ఇచ్చింది మాత్రం మన తెలుగు నేల మీద జరిగిన పనే. మామిడిపూడి వెంకటరంగయ్య గారి పేరుతో 1981లో ఒక ఫౌండేషన్ పరిశోధన సంస్థగా మొదలైంది. ఆయన మనవరాలు శాంతా సిన్హా గారి నాయకత్వంలో అది రంగారెడ్డి జిల్లా పల్లెల్లో బాల కార్మికుల మధ్య పనికి దిగింది. అప్పట్లో బాల కార్మికుడంటే కూలికి పోయేవాడే లెక్క. ఇంట్లో తమ్ముణ్ణి ఎత్తుకుని, నీళ్లు మోసి, పశువులు కాసే ఆడపిల్ల బడి లెక్కలోనూ లేదు, కూలి లెక్కలోనూ లేదు. బడిలో లేని ప్రతి బిడ్డా బాల కార్మికుడే అని వాళ్లు తేల్చి చెప్పారు. నిర్వచనం మారేసరికి కనబడని పిల్లలు కనబడ్డారు. శాంతా సిన్హా గారికి 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. 2007లో ఏర్పడిన జాతీయ బాలల హక్కుల కమిషన్‌కు ఆవిడే తొలి అధ్యక్షురాలు. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టంలో వయసు రుజువు లేదని ఏ బిడ్డనూ బడిలో చేర్చుకోకుండా ఉండకూడదని స్పష్టంగా ఉంది. భారతదేశంలో అంతా సవ్యంగా ఉందని నేననడం లేదు. కానీ ముందు బడి, తర్వాత కాగితం అన్న వరస సరైనది. మలేసియా 1995లో ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో చేరింది గానీ, బిడ్డ పేరు, జాతీయత గురించి చెప్పే ఏడో అధికరణపై అభ్యంతరాన్ని ఇంకా ఉంచుకుంది. మార్పు మొదలు కావాల్సింది అక్కడే.

అది ప్రభుత్వాలు చేయాల్సిన పని. మనం చేయగలిగినవీ కొన్ని ఉన్నాయి. పెళ్లి గుళ్లో అయినా, భారత్‌లో అయినా రిజిస్ట్రేషన్ చేయించండి. మలేసియా పౌరులు విదేశంలో చేసుకున్న పెళ్లికి ఆరు నెలల గడువుంది. మా పెళ్లయినప్పుడు తర్వాత చూద్దాంలే అని మేమూ అయిదో నెల దాకా ఊరుకున్నాం. మా మామగారు పట్టుబట్టి తీసుకెళ్లకపోతే మా అబ్బాయి కాగితం మీద ఏమని ఉండేదో ఇప్పుడు తలచుకుంటే భయం వేస్తుంది. పుట్టుకను 60 రోజుల్లో నమోదు చేయించండి. పేరు ఒక కాగితంలో అప్పారావు అని, ఇంకో దాంట్లో ఎస్టేటు గుమాస్తా విన్నట్టు రాసిన ఇంకో పేరు అని ఉంటే ఇప్పుడే సరిచేయించండి. 15ఏ కింద దరఖాస్తు పెట్టాల్సిన బిడ్డ మీకు తెలిస్తే పద్దెనిమిది దాకా ఆగనివ్వకండి.

విదేశాల్లో ఉన్న మనకు వీసా, పీఆర్, పాస్‌పోర్టు అంటే వరసల్లో నిలబడే విసుగు. మన ఎస్టేటు చుట్టాలకు అది ఆ వరసలో నిలబడనిస్తారా అన్న ప్రశ్న. తెలుగు సంఘాలు ఉగాదికి, సంక్రాంతికి అందరినీ పిలుస్తాయి. ఆ రోజు ఒక బల్ల వేసి, కాగితాలు తెలిసిన ఇద్దర్ని కూర్చోబెడితే చాలు. ఎవరి పిల్లలకు ఏ కాగితం లేదో తెలుస్తుంది.

ఆ పాప దరఖాస్తు ఇప్పుడు నడుస్తోంది. జవాబు రాలేదు. చేతికి మందు మాత్రం పడింది. మా కార్యకర్త తోడు వెళితే తల్లి క్లినిక్కు రావడానికి ఒప్పుకుంది. నా పట్టికలో ఆమె వరసలో ఐసీ నంబరు గడి ఇంకా ఖాళీగానే ఉంది. కానీ ఆ వరసను ఇప్పుడు నేను తీసేయడం లేదు.